ఆ జకారం ఎవరిది?

మొన్న మధ్యాహ్నం మా మనవరాలు సోఫాలో కాళ్ళు ముడుచుకు కూర్చుని ఫోనులో ఫ్రెంచి పాఠం చదువుతోంది. ఫోనులోని ఆడగొంతు ‘లెజామీ’ అంటుంది, ఇది ‘లె... అమీ’ అంటుంది, ఫోను తప్పని ఎర్రరంగు చూపిస్తుంది, మళ్ళీ మొదలు. స్నేహితులకు వాళ్ళ మాట ‘అమీ’, దాని ముందు వచ్చే చిన్న మాట ‘లె’, విడివిడిగా ఎందులోనూ జకారం వినబడదు, పక్కపక్కన చేర్చి పలికితే మాత్రం మధ్యలో వచ్చి కూర్చుంటుంది. అదెక్కడినుంచి వచ్చింది అమ్మమ్మా అని పిల్ల అడిగేసరికి, ఈ వయసులోనూ నా అరచేతులు చెమర్చాయి. మన ఈడువాళ్ళలో ఇంటర్వ్యూ గది బయట కూర్చున్నవాళ్ళకి ఆ చెమట ఏమిటో నేను చెప్పక్కర్లేదు.

మా అమ్మమ్మగారిది యానాం. ఫ్రెంచివాళ్ళు వెళ్ళిపోయినా ఆ ఇంట్లోంచి ఫ్రెంచి పోలేదు. భోజనాల దగ్గర తెలుగు మాట్లాడితే పెరుగు వెయ్యనిచ్చేవారు కాదు తాతయ్యగారు, అందుకని వేసవి సెలవుల్లో నేనూ, మా పెద్దమ్మ కూతురైన అక్కా పెరుగన్నం కోసమే ఆ భాష నేర్చుకున్నామంటే అబద్ధం కాదు. చెవులతో వచ్చిన చదువు గనక ‘లెజామీ’ అనమంటే నిద్రలో కూడా అంటాం, ఎందుకలా అంటారంటే మాత్రం తెల్లమొహం వేసేవాళ్ళం. ఆ ‘ఎందుకు’ పాండిచ్చేరిలో ఎమ్మే చదివినప్పుడుగాని మాకు ఎదురుపడలేదు.

చదువయ్యాక అక్క రాజమండ్రిలో ఒక కాలేజీలో ఫ్రెంచి చెప్పేది. తాత్కాలికపు ఉద్యోగం, ఏటేటా కాగితం వస్తేనే కొనసాగింపు. పెదనాన్నగారు పక్షవాతంతో మంచాన పడ్డాక ఆ ఇల్లంతా అక్క జీతం మీదే నడిచేది. అలాంటిది ఆ ఉద్యోగాన్ని పర్మనెంటు చేస్తూ ఇంటర్వ్యూ పెట్టారు, మా నాన్నగారు నా చేత కూడా దరఖాస్తు పెట్టించారు, ఎవరికొచ్చినా మనింట్లోనే ఉంటుంది కదా అని. పెట్టనని ఎందుకు అనలేదంటే, ఆ ఉద్యోగం నాకూ కావాలి గనక.

ఇద్దరం మా రెండిళ్ళూ ఉన్న రామచంద్రపురంలో ఒకే బస్సెక్కాం. పెద్దమ్మ కట్టిచ్చిన పులిహోర డబ్బా మా మధ్య సీటు మీదే ఉంది, దాన్ని ఎవరమూ ముట్టుకోలేదు. రాజమండ్రి ఎండల సంగతి చెప్పాలా, కాలేజీ వరండాలో చెక్కబల్ల కూడా కాలుతోంది. అక్కని ముందు పిలిచారు. పరీక్ష చేసేందుకు పైనుంచి వచ్చినాయన భాషాశాస్త్రంలో ఉద్దండపిండమని, ఆయన చేతిలో గట్టెక్కినవాళ్ళు తక్కువని అప్పటికే విని ఉన్నాం. అడ్డతెర వెనకనుంచి అక్క గొంతు ధీమాగా వినిపించింది, కాసేపటికి ఆయన గొంతు, తరవాత అక్క గొంతు సన్నగా.

అక్క పాలిపోయిన మొహంతో బయటికొచ్చింది. అటెండరు నా పేరు పిలిచాడు. నేను లేస్తుంటే అక్క నా మణికట్టు పట్టుకుని గబగబా చెప్పింది.

“ఆ జకారం ఎవరిదని అడుగుతారే. మొదటి మాటదేనని గట్టిగా అన్నాను, ఇక చూసుకో, ముప్పుతిప్పలు పెట్టేశారు. నువ్వు ఏ ఒక్కదానికీ కట్టుబడకు. మూడు వాదాలూ చెప్పు, ఏది ఎక్కడ చాలదో అదీ చెప్పు.”

ఆ మాట నమ్మాలో వద్దో నాకు తెలియలేదు. తన ఉద్యోగం తన కళ్ళముందే జారిపోతుంటే పోటీకొచ్చినదానికి ఎవరైనా దారి చెబుతారా? బల్ల దగ్గరనుంచి తలుపు దాకా నడిచే ఆ కాస్తలోనే తేల్చుకోవాలి.

అక్క అన్నట్టే ఆయన మొదట అదే అడిగారు. అక్క చెప్పినట్టే చెప్పాను. జకారం మొదటి మాట చివర ఎప్పుడూ ఉంటుందని, అచ్చు ముందు పలికి హల్లు ముందు రాలిపోతుందని కొందరంటారు. కానీ అచ్చు ముందు కూడా ఒక్కోచోట పలకకుండా వదిలేస్తారే, అదెందుకో దీనితో తేలదు. అసలది మొదటి మాటదే కాదు, రెండు అచ్చులు గుద్దుకోకుండా మధ్యలో చేర్చినదని మరికొందరు, మనం ‘మా అమ్మ’ని ‘మాయమ్మ’ అన్నప్పుడు యకారం చేరినట్టు. అలా అయితే ‘చిన్న’ అనే అర్థమున్న ‘పెతి’కి ‘అమీ’ చేరితే ‘పెతితామీ’ అని తకారమెందుకు రావాలి, అక్కడా జకారమే సరిపోదా? ఇక మూడోవాళ్ళు, కలిసి విన్న మాటల్ని కలిపే గుర్తుపెట్టుకుంటామంటారు. అందుకే ‘ఊర్స్’ అనే ఎలుగుబంటిని ఫ్రెంచి పిల్లలు కొన్నాళ్ళు ‘నూర్స్’ అంటారు, ‘ఒక’ అనే మాట ముందొచ్చినప్పుడు మధ్యలో వినబడే ఆ నకారం ముందు మాటదో వెనక మాటదో వాళ్ళకి తెలియక. కానీ ఎన్నడూ కలిపి వినని మాటల్ని కూడా పెద్దవాళ్ళు తడుముకోకుండా కలుపుతారే, దానికి ఈ వాదం ఒక్కటే చాలదు.

“మరి మీ అభిప్రాయం ఏంటండీ?” అన్నారాయన.

“ఇంకా తేలలేదండి. తేలిందంటే అబద్ధమాడినట్టే,” అన్నాను.

ఆయన ఫైలు మూసేశారు. ఉద్యోగం నాకొచ్చింది.

అక్క తణుకులో ఒక కాన్వెంటులో చిన్నపిల్లలకి ఇంగ్లీషు చెప్పుకుంటూ పెదనాన్నగారిని చూసుకుంది. పెళ్ళిళ్ళకీ పేరంటాలకీ కలిసేవాళ్ళం, నవ్వుకునేవాళ్ళం, కానీ నాతో ఫ్రెంచి ముక్క మళ్ళీ మాట్లాడలేదు. నేను రిటైరైన రోజు సాయంత్రం, ఇన్నాళ్ళూ అడగలేకపోయినది అడిగేశాను, ఆరోజు నాకెందుకు చెప్పావక్కా అని.

“ఎందుకేంటే, బల్ల మీద కూర్చుని వణికిపోతున్నావు. చూడలేకపోయాను,” అంది, అదేమంత పెద్ద సంగతన్నట్టు.

ఇప్పుడు ఇంటర్వ్యూలన్నీ ఎవరింట్లో వాళ్ళు తలుపేసుకుని కంప్యూటరు ముందు కూర్చుంటే అయిపోతున్నాయి. ఎండలో బస్సెక్కక్కర్లేదు, వరండాలో పడిగాపులు పడక్కర్లేదు, మంచిదే. అయితే పోటీకొచ్చిన ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోరు, అవతల వణుకుతున్నది ఎవరో తెలియదు, గెలిచినవాళ్ళకి తమకొచ్చినది ఎవరి చేతిలోంచి వచ్చిందో కూడా తెలియదు. నాకు తెలుసు. అందుకే అన్నేళ్ళ ఉద్యోగంలో ఏ ఒకటో తారీఖునా ఆ జీతం పూర్తిగా నాదనిపించలేదు.