సగం ధర భోజనం, జేబులో వంద నోటు

ఆదివారం వస్తే నాకు ఇంట్లో కాలు నిలవదు. వారమంతా బ్యాంకులో గాజు పలక వెనక కూర్చుని ఊళ్లోవాళ్ల డబ్బు పంచిపెట్టే ఉద్యోగం. సెలవు రోజున కూడా కూర్చోమంటే ఒంటి మీద జెర్రులు పాకినట్టుంటుంది. "కాలికి బలపం కట్టుకొని తిరుగుతవ్ నువ్వు" అంటుంది మా విమల వదిన, అన్నయ్య భార్య. ఆమెది మిర్యాలగూడ. పెళ్లయి ఇరవై ఏళ్లు దాటినా హైదరాబాదు కొట్లో దొరికే బియ్యం ఆమెకు నచ్చవు. ఏడాదికోసారైనా పుట్టినూరి మిల్లుకు పోయి బస్తాలు తెచ్చుకుంటేనే మనశ్శాంతి. ఈసారి అన్నయ్యకు నడుం నొప్పి పట్టుకుంది. "నేను తీసుకెళ్తా వదినా" అన్నాను, ఆమె మాట పూర్తి కాకముందే. దారిలో కోదాడలో ఆమె స్నేహితురాలి కూతురి సీమంతానికి కూడా మొహం చూపించాలట. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ, నల్గొండ మీదుగా మళ్లీ ఇల్లు: ఒక్క రోజులో హాయిగా చుట్టి రావచ్చు. మీరూ ఈ చుట్టు వేద్దామనుకుంటే దారి సంగతులన్నీ చెబుతాను. అయితే ఆ రోజు నన్ను రోడ్డు కంటే ఎక్కువ తిప్పింది ఒక వంద నోటు. ఆ సంగతీ చెప్పక తప్పదు.

పొద్దున తొమ్మిదింటికి బయలుదేరాం. విజయవాడ హైవే గురించి కొత్తగా చెప్పేదేముంది, రోడ్డు బాగానే ఉంటుంది, లారీలు మాత్రం మన ఓర్పును పరీక్షిస్తాయి. సూర్యాపేట చేరేలోపు రెండు టోల్‌గేట్లు వస్తాయి. ఫాస్టాగ్‌లో డబ్బులున్నాయో లేవో ముందే చూసుకోండి, నాలాగా గేటు దగ్గర వెనకాలవాళ్ల హారన్లు వింటూ రీచార్జి చేసుకునే గతి పట్టకుండా. మధ్యలో ఒక చాయ్‌తో కలిపి సూర్యాపేట చేరేసరికి పన్నెండు దాటింది. ఊరు రాకముందే రోడ్డు పక్కన ఒక పెద్ద ఫ్లెక్సీ కనపడింది: ఓటలు పెట్టి ఏడాది నిండిందట, ఆదివారం భోజనాలన్నీ సగం ధరకే. వదిన "ఆపు ఆపు" అనేలోపే నేను ఇండికేటర్ వేసేశాను. సగం ధర అంటే ఆగని తెలుగువాళ్లు ఎవరైనా ఉంటే నాకు చూపించండి.

లోపల పెళ్లి భోజనాల రద్దీ. కుర్చీల వెనక నిలబడి, తినేవాళ్ల విస్తళ్లలోకి చూస్తూ వంతు కోసం కాచుకున్నాం. మాకు వడ్డించినాయన పేరు సైదులు, నలభై ఏళ్లుంటాయి. చొక్కా వీపంతా చెమటకు తడిసి అంటుకుపోయింది. అయినా మొహంలో విసుగు లేదు. వదినకు కారం పడదు. ఆ సంగతి ఒక్కసారి చెబితే చాలు, పచ్చిపులుసు పక్కన పెట్టించి, ముద్దపప్పు విడిగా తెచ్చాడు. "జర నెయ్యి ఏసుకోండ్రి అమ్మా, కారం తెల్వదు" అని తనే రెండు చెంచాలు పోశాడు. నేను పెరుగు మూడుసార్లు అడిగాను. మూడుసార్లూ నవ్వుతూనే వచ్చాడు.

"పొద్దటి సంది ఇదే పనా అన్నా?" అని వదిన అడిగింది.

"ఆరింటికి ఎక్కిన అమ్మా. సాయంత్రం ఏడింటికి దిగుత. నేనొచ్చి నెల గూడ కాలే, ఇగ కొత్తోడు గదా, ఎక్కువ టేబుళ్లు నాకే" అంటూ పక్క బల్ల పిలిస్తే పరుగెత్తాడు.

బిల్లు వచ్చింది. అసలు ధర ఎనిమిది వందల అరవై, ఆఫర్ పోగా నాలుగు వందల ముప్పై. ఇక్కడ మొదలైంది మా ఇద్దరి పంచాయితీ. నేను ఎక్కడ తిన్నా పదో వంతు టిప్పు పెడతాను. మరి పదో వంతు దేనిలో? అసలు ధరలోనా, తగ్గించిన ధరలోనా?

"కట్టేదాని మీదనే గదా లెక్క? నలభై పెట్టు, సాలు" అంది వదిన.

"ధర సగమైంది వదినా, ఆయన నడక సగమైందా? నేను పెరుగు మూడుసార్లు అడిగితే ఒకటిన్నర సార్లే వచ్చాడా?"

"ఓటలాయన తగ్గిస్తే నువ్వు పెంచుతవ్. గిదెక్కడి లెక్కనే తల్లీ! బ్యాంకోళ్లు గిట్లనే ఉంటరా అందరు?"

అసలు ధరలో పదో వంతు ఎనభై ఆరు, గుండ్రంగా వంద ఇవ్వాలని తీర్మానించుకున్నాను. అక్కడితో ఆగితే బాగుండేది. నాది అతి తెలివి. బిల్లు పెట్టే ఫోల్డర్‌లో టిప్పు పెడితే యజమానులే నొక్కేస్తారని ఎక్కడో చదివాను. అందుకని చేతులు కడుక్కునే చోట సైదులు ఎదురుపడితే, నోటు నాలుగు మడతలు పెట్టి ఆయన గుప్పిట్లో కుక్కాను. "వద్దు మేడం, గాడ..." అని గల్లా వైపు చూశాడు. గాడ అంటే అక్కడ, గల్లా అంటే డబ్బులు కట్టే బల్ల. "ఎవ్వరికీ చెప్పకు, ఇది నీకే" అని గొప్పగా గుసగుసలాడి వచ్చేశాను. ఆయన మొహంలో కనపడింది మొహమాటం అనుకున్నాను. గల్లా మీద సోంపు గిన్నె పక్కన పసుపు కుంకుమ బొట్లు పెట్టిన ఒక స్టీలు డబ్బా ఉంది, మూతకు చిల్లు. ఏ గుడి చందాలో అనుకుని దాటేశాను.

కోదాడకు ముప్పావు గంట. సీమంతంలో వదిన గాజులు తొడిగి, అక్షింతలు వేసి, మరో భోజనం తప్పించుకోవడానికి నానా తంటాలు పడింది. బయటపడేసరికి మూడు దాటింది. నిద్ర ఆగడం లేదని బస్టాండు దగ్గర ఒక చాయ్ ఓటల్‌లో కూర్చున్నాం. ఇక్కడి మాట అప్పటికే ఆంధ్రా వైపు మొగ్గుతుంది. తెల్ల జుట్టు పెద్దాయన చాయ్ తెచ్చాడు. లేస్తూ ఆయన చేతిలో ఇరవై పెట్టబోతే, నిప్పు చూసినట్టు చెయ్యి వెనక్కి లాక్కున్నాడు.

"చేతికివ్వమాకండమ్మా! అదిగో, ఆ డబ్బాలో వెయ్యండి."

చూస్తే అక్కడా అదే డబ్బా, అవే బొట్లు. "అది గుడి డబ్బా కదా?" అన్నాను.

ఆయన నవ్వాడు. "గుడి కాదమ్మా, మాదే. వంటమాస్టరు కాణ్ణించి గిన్నెలు తోమే ఆవిడ దాకా అందరం సమానంగా పంచుకుంటాం. ఈ రోడ్డు మీద చాలా ఓటళ్లలో ఇదే పద్ధతి."

"ఎవరైనా చేతికిచ్చిందే తీసుకుంటే?"

"తోటోళ్ల నోటికాడ కూడు తీసినట్టేగా! డ్యూటీ దిగేప్పుడు కొన్ని చోట్ల జేబులు చూస్తారు. దొరికాడా, మర్నాడు పన్లోకి రావొద్దంటారు. ఆఫర్లు పెట్టిన రోజైతే మరీను. జనం రెట్టింపు, నడక రెట్టింపు. టిప్పులేమో సగం బిల్లు చూసి సగమే వేస్తారు. డబ్బా తేలిగ్గా ఉంటే ఎవడు నొక్కాడా అని ఒకళ్లనొకళ్లు కాపలా కాస్తారు."

నాకు సైదులు గుర్తొచ్చాడు. కొత్తోడు, నెల కూడా కాలేదు, ఏడింటికి దిగుతాడు. జేబులో నాలుగు మడతల వంద. పెట్టింది నేను, అదీ చాటుగా, ఎవ్వరికీ చెప్పకని చెప్పి మరీ!

కారెక్కగానే బిల్లు మీది ఫోన్ నంబరు తీశాను. వదిన ఫోన్ లాక్కుంది. "ఫోన్ చేసి ఏమంటవ్? సైదులుకు వంద ఇచ్చిన్నంటవా? నువ్వే పట్టిచ్చినట్టయితది గద!" నిజమే. చెబితే ఆయన్ని పట్టించినట్టు, చెప్పకపోతే ఆయన్ని వదిలేసినట్టు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. "ఏం కాదు లే, ఆయననే డబ్బల ఏసి ఉంటడు" అని వదినే సర్దిచెప్పింది. మిల్లు ఐదున్నరకు మూసేస్తారని తొందరపెట్టింది. వెనక్కి తిరగాల్సిన కారును హుజూర్‌నగర్ వైపు తిప్పాను.

ఈ దారి నిజానికి చాలా అందమైనది. హుజూర్‌నగర్, నేరేడుచర్ల మీదుగా మిర్యాలగూడ దాకా సాగర్ ఎడమ కాలువ నీళ్లు తాగిన పొలాలు, కొంగలు, గట్ల మీద కూర్చుని కబుర్లాడుకునే కూలీలు. గంటన్నర పట్టింది. మీరు వెళ్తే మూసీ వంతెన దగ్గర కాసేపు ఆగండి. నేను ఆగలేదు. వదిన ఏదో చెబుతూనే ఉంది, నేను మాత్రం ఆ స్టీలు డబ్బానే చూస్తున్నాను. ఆయన "వద్దు మేడం, గాడ..." అన్నప్పుడు నోరు మూసుకుని విని ఉంటే ఏం పోయేది నాకు?

మిర్యాలగూడ మిల్లు ముందు ఊక ధూళి, బస్తాలెత్తే హమాలీల కేకలు. బస్తా పదహారు వందల దాకా చెప్పారు. వదిన బేరమాడి వంద తగ్గించింది. ఆ తగ్గించిన వంద నా చెవిలో గంట కొట్టినట్టు మోగింది. "పాతయా కొత్తయా మేడం, ఏ బియ్యం కావాలె?" అని మిల్లు గుమస్తా అడిగితే "ఏడింటికి" అన్నాను. ఆయన వదిన మొహం చూశాడు. వదిన నా మొహం చూసింది. "పాతయే" అని తనే జవాబు చెప్పింది.

రెండు బస్తాలు డిక్కీలో వేయించి చౌరస్తాకు వచ్చాం. ఎడమకు తిరిగితే నల్గొండ మీదుగా ఇల్లు, ఎనిమిదిన్నరకల్లా చేరేవాళ్లం. సూర్యాపేటకు నలభై ఐదు కిలోమీటర్ల పైమాటే, గంటకు తక్కువ కాదు. అప్పటికి ఐదున్నర. సిగ్నల్ దగ్గర స్టీరింగు మీద వేళ్లు కొట్టుకుంటూ కూర్చున్నాను.

"అడుసు తొక్కనేల, కాలు కడుగనేల" అని వదిన నిట్టూర్చింది. "తిప్పు, సూర్యాపేటకే తిప్పు. లేకుంటే రాత్రంత ఫోన్ చేసి నా పానం తీస్తవ్. ఆయన పిల్లగాండ్లు గుర్తొస్తున్నరు నాకు గూడ."

"ఆయనకు పిల్లలున్నారో లేరో నీకేం తెలుసు?"

"ఉంటరు లే. బండి నడుపు."

ఆ రోడ్డు మీద ఎంత వేగంగా వచ్చానో ఇక్కడ రాయను, అన్నయ్య కూడా ఈ బ్లాగు చదువుతాడు. గొర్రెల మంద ఒకటి రోడ్డు నిండా పరుచుకుని అడ్డం వచ్చినప్పుడు మాత్రం ఏడుపొచ్చినంత పనైంది. ఏడింటికి ఇంకా పావుగంట ఉందనగా ఓటల్ ముందు కారు ఆపాను. మధ్యాహ్నం రద్దీ లేదు. సైదులు నీళ్ల జగ్గుతో నిలబడి ఉన్నాడు. నన్ను చూడగానే ఆయన మొహంలో రంగు పోయింది. ఫిర్యాదుకు వచ్చాననుకున్నాడో ఏమో! మూలన ఉన్న బల్ల దగ్గర కూర్చుని రెండు చాయ్‌లు చెప్పాం.

చాయ్ తెచ్చి పెడుతూ, నా సాసరు కిందకు ఆ నోటు జరిపాడు. అవే నాలుగు మడతలు. చెమటకు మెత్తబడిపోయింది.

"మేడం, మీరొస్తరనుకోలే. మధ్యాహ్నం సంది జేబుల నిప్పు పెట్టుకున్నట్టున్నది" అన్నాడు, పెదవులు కదిలీ కదలకుండా.

"నువ్వే డబ్బాలో వేసేస్తే అయ్యేది కదా సైదులన్నా?"

"మేం డబ్బ దిక్కు చెయ్యి పెట్టొద్దు మేడం. ఏసెటందుకు పోయినా తీసెటందుకు పోయిండంటరు. పారేద్దామంటే మీరు పాయిరంగ, ప్రేమతోని ఇచ్చిన పైసలాయె. ఏడింటికి జేబులు సూస్తరు. ఏం జెయ్యాల్నో సమజ్ గాలే."

నేను ఊళ్లు తిరుగుతూ పొలాలు చూస్తూ పరేషాన్ అయ్యాను. ఆయన అదే పరేషాన్‌ను జేబులో పెట్టుకుని, పెరుగు అడిగిన ప్రతి బల్లకూ నవ్వుతూ నడిచాడు. నోటు తీసుకుని లేచి గల్లా దగ్గరకు వెళ్లి, అందరికీ వినపడేలా అడిగాను: "మధ్యాహ్నం భోజనం చేశాం, టిప్పు పెట్టడం మర్చిపోయాం. ఎక్కడ వేయాలి?"

గల్లా మీదాయన డబ్బా చూపిస్తూ వింతగా చూశాడు. "ఆఫర్ భోజనానికి టిప్పు ఇయ్యనీకె మల్ల వచ్చిండ్రా మేడం?"

నేను నోరు తెరిచేలోపు వదిన అందుకుంది. "భోజనం సగం ధరకు పెట్టిండ్రు గని, వడ్డించుడు నిండుగనే వడ్డించిండ్రు గదన్నా!" మధ్యాహ్నం నలభై చాలన్న మనిషి! నేను మడతలు విప్పి ఆ వందను డబ్బాలో వేశాను. తిరిగి చూస్తే సైదులు రెండు చేతులతో జేబుల బయటి వైపు ఒకసారి తడుముకుని, గట్టిగా ఊపిరి వదిలాడు. మా దగ్గరకొచ్చి, ఇప్పుడు అందరికీ వినపడే గొంతుతోనే అన్నాడు: "చాయ్ సల్లారింది అమ్మా, వేడిది తెస్త. జర కూసోండ్రి."

ఏమాటకామాటే, ఆ రెండో చాయ్ తాగినంతసేపు నేను కుర్చీలోంచి కదల్లేదు. ఆ రోజు మొత్తంలో నా కాలు నిలిచింది అప్పుడే. మంచి చేస్తున్నామనే తొందరలో ఎదుటివాడి మాట సగంలోనే మింగేస్తాం. "వద్దు మేడం, గాడ..." తర్వాత ఆయన ఏం చెప్పబోయాడో వినడానికి నేను మూడు ఊళ్లు చుట్టి రావాల్సి వచ్చింది. ఇంటికి చేరేసరికి పది దాటింది, బియ్యం మాత్రం బాగున్నాయి. ఈ దారిన వెళ్లేవాళ్లకు ఒక్క మాట: ఆఫర్ భోజనం తింటే టిప్పు లెక్క తగ్గించక ముందున్న ధర మీద కట్టండి, కానీ ఎవరి చేతిలోనూ కుక్కకండి. ఎక్కడ వేయాలో గల్లా దగ్గర గట్టిగా అడిగి, అక్కడే వేయండి.