తిరగని అరచెయ్యి

ఆమధ్య జారిపడితే నరసరావుపేట ఆసుపత్రికి తీసుకెళ్ళారు. వాచిన నా చేతి బంగారు గాజును నర్సమ్మ చిటికెలో కత్తిరించి పక్కన పెట్టేసింది. ఎవరినీ అడగలేదు, ఎవరూ ఆపలేదు. డాక్టరుగారు ఎక్స్‌రే పైకెత్తి, చిటికెనవేలి వైపు మణికట్టు గుబ్బను చూపిస్తుంటే, ఆ ఎముక నాకు తెలుసు బాబూ అనుకున్నాను.

నా చిన్నప్పుడు, నలభైల్లో, యుద్ధం రోజుల్లో, మేము గురజాలలో ఉండేవాళ్ళం. బడికి పోని నాకు నాయనమ్మ దిద్దించిన అక్షరాలే చదువు. వైద్యం చదివే మా మేనమామ సెలవులకు వస్తే తన పాఠం నా చేతిమీదే వల్లె వేసుకునేవాడు. మోచేతి వెనక మొన మొదలు మణికట్టు గుబ్బ దాకా వేలితో రాస్తూ, ఇదంతా ఒకటే ఎముక, ద్వారబంధంలా నిలబడుతుంది, బొటనవేలి వైపుది తలుపురెక్కలా దీనిమీద తిరుగుతుంది, అందుకే అరచెయ్యి వెల్లకిలా పట్టగలుగుతున్నావు అనేవాడు. నాకు చక్కిలిగింతలే తెలిసేవి.

ఆ సెలవుల్లోనే అమ్మ బావిదగ్గర జారి కుడిచెయ్యి విరగ్గొట్టుకుంది. మామయ్య తడిమి చూసి, రెండు ఎముకలూ విరిగాయి, వాపు ముదరకముందే గాజులు పగలగొట్టి, ఎముకలు సరిచేసి, బద్దలు కట్టాలన్నాడు. నాన్నేమో పటాలంలో; కబురు తెలిసి చాలా రోజులైంది. మొగుడు బతికుండగా గాజులు పగలగొట్టడమా అని నాయనమ్మ అడ్డం కూర్చుంది.

"నా కొడుకు యుద్ధంలో ఉండాడబ్బాయ్. గాజుల సాయిబును రానీ, చిట్లకుండా ఆయనే తీస్తాడు."

"ఏందత్తా, అందాకా ఆగితే చెయ్యి పోతది!"

"వద్దులేరా తమ్ముడూ, ఆగుదాం," అంది అమ్మ పళ్ళు బిగబట్టి.

సాయిబు మాచర్ల తిరునాళ్ళకు పోయి ఉన్నాడు. వేళ్ళు నల్లబడుతుంటే, ఎక్కడ విరిగిందో, ఏం చెయ్యాలో అన్నీ తెలిసిన మామయ్య ఆ చెయ్యి ఒళ్ళో పెట్టుకుని ఊరికే ఏడ్చాడు. నేను దేవుడి గూటికి, వీధి గుమ్మానికి మధ్య తిరుగుతూనే ఉన్నాను.

మర్నాడు పొద్దుగూకే వేళకు వచ్చిన సాయిబు, చేతికి దారం బిగించి చుట్టి, నూనె రాసి, "అయిపాయెనమ్మా, అయిపాయె" అంటూ ఒక్కటీ చిట్లకుండా తీశాడు. ఆయన పుణ్యమా అని చెయ్యి దక్కింది. మామయ్య అప్పుడు బద్దలు కట్టినా, ఆలస్యమై ఎముకలు మాత్రం వంకరగా అతుక్కున్నాయి. ఆ అరచెయ్యి మళ్ళీ వెల్లకిలా తిరగలేదు.

నాన్న తిరిగొచ్చాడు. అది ఆ గాజుల చలవేనని నాయనమ్మ ఒక్కనాడూ అనలేదు. గుడిలో మాత్రం అమ్మ తీర్థం తానే పట్టి, తన చేత్తో అమ్మ నోట్లో పోసేది, బతికినన్నాళ్ళూ.

దేవుడి దయవల్ల, ఆ నర్సమ్మ చలవవల్ల నా చెయ్యి చక్కగా అతికింది. నిన్న గుడిలో అరచెయ్యి వెల్లకిలా తిరిగితే కళ్ళు చెమర్చాయి. ఇప్పుడు ఎవరి తీర్థం వాళ్ళే పట్టుకోగలుగుతున్నారు, మంచిదే. అయినా నోటిదాకా తెచ్చి ఒక్క క్షణం ఆగాను, నాయనమ్మ చెయ్యి వస్తుందేమోనన్నట్టు.