దిండు కింద రిమోట్

సౌదీలోని దమ్మామ్ లేబర్ క్యాంపులో మా గదికి నేనే సీనియర్‌ని. కొత్తగా వచ్చిన బంగ్లాదేశ్ వాళ్లకు వాడటం తెలియదని, నేర్చుకున్నాక ఇస్తానని ఏసీ రిమోట్ నా దిండు కిందే పెట్టుకునేవాణ్ణి.

ఒక శుక్రవారం మా గదిలోనే ఉండే ఫిలిప్పీన్స్ వెల్డర్ తన దేశం సంగతి చెప్పాడు. తమను ఏలుతున్న స్పెయిన్‌ను తరుముతామని వచ్చిన అమెరికా అక్కడే తిష్ఠ వేసిందట. మీకింకా పాలించుకోవడం చేతకాదు, నేర్పి పోతామంటూ అమెరికా అధ్యక్షులు వరసగా అదే పాట పాడారట. ఆ పాఠం దాదాపు యాభై ఏళ్లు సాగిందట!

నాకు ఒళ్లు మండింది. "వాళ్లబ్బ సొమ్మనుకున్న్యారా? నేర్పేకి వాళ్లెవురు?" అని తెలుగులో తిట్టి, హిందీలో మళ్లీ తిట్టాను.

వెల్డర్ నా దిండు వంక చూశాడు. "మరి రిమోట్, భాయ్?"

వీళ్లకింకా చేతకాదని చెప్పబోయి నోరు మూసుకున్నాను. రిమోట్ మాత్రం ఇవ్వలేదు.