నేను చంపిన పైలట్

మనుషుల్ని అడగడం కన్నా ఊహించుకోవడం సులువని నేను గట్టిగా నమ్మిన రోజులవి. డిగ్రీ అయిపోయి, చిక్కబళ్లాపురంలో ఒక చిన్న వారపత్రికలో అచ్చుతప్పులు దిద్దే పనికి కొత్తగా చేరాను. ఆ పని ఎంచుకోవడానికి కారణం ఒక్కటే: కాగితం ఎదురు ప్రశ్న వేయదు. కొత్తవాళ్లెవరైనా ఆఫీసుకొస్తే తల దించుకుని, అప్పటికే దిద్దిన పేజీని మళ్లీ దిద్దేదాన్ని (అట్లా ఒకసారి సరిగ్గా ఉన్న పేరును కూడా తప్పు చేసి పెట్టాను). మాట్లాడాలనుకున్నదంతా ఇంటికెళ్లి డైరీలో మాట్లాడేదాన్ని. డైరీలో నా అంత వాగుడుకాయ ఇంకొకరు లేరు.

అట్లాంటి నన్ను మా ఎడిటర్ సారు ఒక సోమవారం పిలిచి, "బాగేపల్లి తట్టు పరగోడులో ఎప్పుడో మిలిటరీ జెట్ విమానం దిగిపడిందంట కదమ్మా. అది యాడిది, ఎట్ల పడె, తర్వాత ఏమాయ, అంతా కనుక్కొని రాయి. గురువారం సాయంత్రం అచ్చుకు పోవల్ల" అన్నారు. "నాకు భయం సార్" అనబోయి "సరే సార్" అన్నాను. రెండోది చిన్న మాట కదా, గొంతు దాటింది.

పరగోడులో మా అమ్మకు చిన్నాన్న వరసైన తాత ఉన్నాడు, అదొక్కటే ధైర్యం. మంగళవారం తాత నన్ను తన శెనక్కాయ చేనికి పిలుచుకొని పోయి, "ఇదో, ఈ చేన్లోనే పొట్ట మీద జారుకుంటా వచ్చి నిలిచె. భూమి అదిరిపాయ అనుకో" అన్నాడు. అంతలో ఫోన్ మోగితే పక్కకు పోయాడు (బోరు మోటరు కాలిపోయిందంట, ఇక ఆ మాటలు తెమల్లేదు). గట్టున నడుమెత్తు రాయి ఒకటి నాటి ఉంది. పసుపు, కుంకుమ, ఎండిన బంతిపూలు. మా తట్టు పోరులో పోయినవాళ్లకు నాటిన వీరగల్లులు ఊరూరా కనిపిస్తాయి కాబట్టి, చూడగానే ఇది ఆ పైలట్‌దేనని తేల్చేసుకున్నాను. పక్కన కలుపు తీస్తున్న అవ్వను ఆ రోజు మొత్తానికి నేను సొంతంగా అడిగిన ఒకే ఒక్క ప్రశ్న అడిగాను: "ఈ రాయి ఎప్పుడు నాటినారవ్వా?"

"ఇమానం పడిన మర్నాడేనమ్మా. ఉగాది ఉగాదికీ పూజ చేస్తాండాము."

తర్వాత అడగాల్సిన ప్రశ్న ఏదో ఎవరికైనా తెలుస్తుంది. నాకూ తెలుసు. కానీ చావు గురించి పరాయి మనిషిని ఎట్లా అడగడం? చెప్పులు విడిచి, రాయికి దండం పెట్టి, ఫోటో తీసుకుని వచ్చేశాను. అవ్వ నన్ను నోరు తెరుచుకుని చూసింది. నా భక్తిని మెచ్చుకుంటోందనుకున్నాను. తాత ఇంట్లో కోళ్లగూటికి తలుపుగా పెట్టిన రేకు ఆ విమానానిదేనంట. మిలిటరీవాళ్లు రెక్కలు ఊడదీసి లారీల్లో ఎత్తుకుపోయినప్పుడు అదొక్కటి చేన్లో మిగిలిపోయిందని తాత చెప్పాడు. దాని మీద ఇంకా కనిపిస్తున్న నంబరును రాసుకున్నాను (ఒక కోడి నా వేలిని పొడిచింది, దాన్నీ డైరీలో రాశాను).

బుధవారం కూర్చుని పేజీన్నర రాశాను. ఊరిని కాపాడడానికి విమానాన్ని చేను వైపు మళ్లించిన యువకుడు, చివరి క్షణాన అమ్మను తలుచుకున్న కళ్లు. రాస్తూ రాస్తూ నేనే ఏడ్చాను. ఎడిటర్ సారు చదివి కళ్లజోడు తుడుచుకున్నారు. రాయి ఫోటో చుట్టూ నల్ల గీత కూడా వేయించారు. "చింతామణిలో విమానాల మెకానిక్కుగా చేసి రిటైరైన ఆయన ఉండాడు. రేపు పొద్దున్నే పోయి ఈ నంబరు చూపించు, రెండు ముక్కలు కలుపుదాం" అన్నారు.

ఆయన్ను చింతామణిలో అందరూ మిలిటరీ మామ అంటారు. నంబరు చూడగానే పాత స్నేహితులకు వరసగా ఫోన్లు కొట్టి, మూడో ఫోనుకే విమానం చరిత్రంతా రాబట్టాడు. గాల్లో ఇంజను ఆగిపోయిందంట. పరగోడు నుంచి తీసుకుపోయాక బాగు చేస్తే మళ్లీ చాలా ఏళ్లు ఎగిరిందంట. నేను గొంతు తగ్గించి, "పాపం, పైలట్ గారి ఇంటివాళ్లు యాడుండారో?" అన్నాను.

"ఇంటివాళ్లేందమ్మా, ఆయనే మైసూరులో ఉండాడు. ఇదో నంబరు. మాట్లాడు" అని, నేను వద్దు వద్దంటుండగానే కలిపి నా చేతికిచ్చాడు.

(పైలట్ సారు మాట్లాడింది కన్నడంలో. నాకు మాత్రం తెలుగులోనే గుర్తుండిపోయింది.)

"సార్... నేను మిమ్మల్ని చంపేశాను సార్. పేపర్లో."

"ఎప్పుడమ్మా?"

"ఈ సాయంత్రం సార్."

"అయితే ఇంకా టైముంది. చదువు, విందాం."

బతికున్న మనిషికి ఆయన చావును పేజీన్నర చదివి వినిపించాను. అడ్డు చెప్పకుండా విని, "బాగా పోయాను. అమ్మను తలుచుకున్నానని రాశావే, అది బాగుంది. నిజానికి తలుచుకున్నది మా ఆఫీసరు తిట్లను. దిగి వణుకుతుంటే ఒకాయన ఇంటికి తీసుకెళ్లి రాగిముద్ద, ఉలవచారు పెట్టాడు. ఆ ముక్క రాయి. ముందు మీ ఎడిటర్‌కు ఫోన్ చెయ్యి తల్లీ, మా ఆవిడకు బీపీ" అన్నారు.

వెంటనే సారుకు ఫోన్ చేసి, "ఆపండి సార్! ఆయన బతికే ఉండారు!" అని అరిచాను. మిలిటరీ మామ భార్య గరిటెతో సహా వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చింది.

"ఎవరమ్మా మాట్లాడేది?" అన్నారు సారు. రోజూ ఎదురుగా కూర్చునే నా గొంతును ఆయన అప్పటిదాకా వినలేదు కదా. అచ్చు ఆగింది. నేను మాత్రం ఆగకుండా రెండు లోటాల మజ్జిగ తాగాను. తర్వాత తాతకు ఫోన్ చేసి రాయి ఎవరిదని అడిగాను.

"అది మా ఎర్రెద్దుది కదమ్మా! ఆ సద్దుకు బెదిరి బాయిలో పడిపాయ పాపం. నువ్వు చెప్పులిడిచి దండం పెట్టినావంట. పట్నం పిల్లకు ఎద్దంటే ఎంత భక్తో అని అవ్వ ఊరంతా చెప్తాండాది."

పత్రికలో రాగిముద్ద కథ వచ్చింది, ఎర్రెద్దు పేరుతో సహా. నా పేజీన్నరను మైసూరు సారు అడిగి తెప్పించుకున్నారు, అప్పుడప్పుడూ ఇంట్లో చదివి వినిపిస్తే తన విలువ పెరుగుతోందంట. ఇప్పుడు నేను ఎవరి గురించి రాయాల్సి వచ్చినా, కూర్చోకముందే అడిగేస్తాను: "ఆయన బాగుండారా అప్పా?" ఇప్పటికీ తల దించుకునే అడుగుతాను. "బాగుండారు" అనగానే ప్రాణం కుదుటపడుతుంది. ఒక్క మాట అడగలేక పేజీన్నర ఏడ్చిన ఆ పిల్లను తలుచుకుంటే అప్పుడు భలే ముద్దొస్తుంది నాకు.