ఆమెన్ అనలేకపోయిన రోజు

సహోదరులారా, అక్కచెల్లెళ్లారా, ఎవరైనా నన్ను పేరు పెట్టి పిలిస్తే గుండె ఆగిపోయినంత పనయ్యే రోజులు నాకుండేవి. నా భర్త ఎక్కి వెళ్లిన పడవ ఇక రాదన్న కబురు అలాగే వచ్చింది. నేను ఇసుకలో చేపలు ఆరబెడుతుంటే "నూకరత్నం, ఓ నూకరత్నం" అని వెనకనుంచి కేకలేసుకుంటూ వచ్చారు, ఆ కేక నా ఒంట్లోనే ఉండిపోయింది. ఆ తర్వాత సంతలో బేరానికి పిలిచినా, రేషను షాపులో పిలిచినా చేతులు వణికేవి, చెమటలు పట్టేవి, నాలుక పిడచగట్టుకుపోయేది. శ్రీకాకుళంలో డాక్టరుగారు చూసి ఒంట్లో జబ్బేమీ లేదన్నారు. జబ్బే లేకపోతే ఈ వణుకేమిటి ప్రభువా అని ఏడ్చేదాన్ని!

ఆ భయంలోనే దేవుడు నన్ను సంఘంలోకి నడిపించాడు. సంఘం నడిపే సాయంత్రం బడిలో టీచరమ్మ, నా కూతురి వయసు పిల్ల, నా వేలు పట్టుకుని అక్షరాలు దిద్దించింది. జుట్టు నెరిశాక నా పేరు నేను రాసుకున్నాను. దేవునికే మహిమ!

నరసన్నపేట నుంచి సముద్రం వైపు వెళ్తే మా ఊరు. అక్కడ మా పాస్టరు అయ్యగారు దిక్కులేని ముసలమ్మల కోసం ఒక ఆశ్రమం నడుపుతున్నారు. దానికో ట్రస్టు, ట్రస్టుకో బోర్డు. బోర్డంటే అయ్యగారు, ఆయన భార్య అయిన అమ్మగారు, వాళ్ల పెద్దబ్బాయి, అమ్మగారి తమ్ముడు, ఆయనే సెక్రటరీ. రాష్ట్రం రెండైన మరుసటి ఏడాది, ఊరి మనిషి కూడా ఒకరుండాలని నన్ను చేర్చారు.

మా బోర్డు పద్ధతి చెబుతాను వినండి. అయ్యగారు విషయం చెప్పి, వెంటనే కళ్లు మూసుకుని, "ప్రభువా, ఇది నీ చిత్తమైతే జరిగించు" అని ప్రార్థన చేసేవారు, మేమంతా ఆమెన్ అనేవాళ్లం, అంతే, పని తీర్మానమైపోయేది. ఎవరిలోనూ మోసం లేదు సహోదరులారా, అయ్యగారు తన కంచంలో అన్నం కూడా ముసలమ్మలకు పెట్టే మనిషి! కానీ ఆమెన్ అన్నాక ప్రశ్న అడగడమెలా? దేవుణ్ణే నిలదీసినట్టు కదా! చేపలమ్మిన గొంతు కనుక అందరికంటే నా ఆమెనే గట్టిగా వినిపించేది.

ఒకనాడు ఆశ్రమం వరండాలో అప్పలనరసమ్మ మామ్మ నా చెయ్యి పట్టుకుంది.

"ఒసే, మమ్మల్ని బొబ్బిలి తోలేస్తారట, నిజమేటి?"

"నాకేటి తెలుసే మామ్మా?"

"కమిటీల కూకుంటావు, నీకు తెల్దేటి? గాలికి కుర్సీ ఎగిరిపోద్దని నిన్ను బరువుకి కూకోబెట్టారేటే?"

ముసలమ్మలంతా పకపకా నవ్వారు. నవ్వు ఆగాక మామ్మ గొంతు తగ్గించింది. "నా కొడుకు ఈ నీళ్లల్లోనే ఉన్నాడే. ఈ ఒడ్డు ఇడిసి నానెక్కడికీ రాను. నువ్వు కమిటీల సెప్పు."

ఆమె కొడుకు, నా భర్త ఒకే పడవ మీద పోయారు.

విచారిస్తే నిజమే. సముద్రానికి దూరంగా బొబ్బిలిలో ఒక దాత పెద్ద బిల్డింగు ఇస్తానన్నాడు, ముసలమ్మలందరినీ అక్కడికి మార్చి ఇక్కడ తాళం వేసేయాలని అయ్యగారి ఆలోచన. మీటింగు రోజు మధ్యాహ్నం నేను వలల చాటున మోకరించి, "ప్రభువా, నా నోరొద్దు, ఇంకెవరి నోరైనా తీసుకో, అమ్మగారి నోరు తీసుకో, నాకు భయంగా ఉంది తండ్రీ!" అని ప్రార్థించాను. జవాబు రాలేదు, భయమూ పోలేదు. సంఘంలోంచి నన్ను పంపించేస్తే నాకు ఇంకెవరున్నారు? ఇదంతా దేవుని పనే అయితే, దానికి అడ్డం వెళ్తే నా గతేమిటి? అలా వణుకుతూనే వెళ్లి కుర్చీ అంచున కూర్చున్నాను.

అయ్యగారు బొబ్బిలి సంగతి చెప్పారు, కళ్లు మూసుకున్నారు, ప్రార్థించారు. అందరూ ఆమెన్ అన్నారు. నా ఆమెన్ రాలేదు! పళ్లు బిగబట్టి, కుర్చీని రెండు చేతులా పట్టుకుని కూర్చున్నాను. అయ్యగారు ఒక కన్ను తెరిచారు.

"నూకరత్నమ్మా!"

పేరు పెట్టి పిలిచారు. నా ముక్కుకు ఎండు చేపల వాసన తగిలింది.

"ఆమెన్ అనలేదేమ్మా?"

"రానేదు అయ్యగారూ."

సెక్రటరీగారికి కోపం వచ్చింది. "ప్రార్థన అయిపోనాక పేచీ ఏటమ్మా? దేవుడికి అడ్డం పడతావేటి?"

నేను దేనికి భయపడ్డానో అదే మాట! నా ప్రాణం అక్కడే పోతుందనుకున్నాను. కానీ నోరు తెరుచుకుంది. "దేవుడికి కాదు బాబూ. మామ్మల్ని ఎవులైనా అడిగారేటి? నానైతే అడగనేదు. మీరడిగారేటి?"

అయ్యగారు లేచి బయటికి వెళ్లిపోయారు. నా పని అయిపోయిందని చెప్పులు వెతుక్కుంటూ నేనూ బయటికి వచ్చాను. చూస్తే ఆయన వరండాలో ముసలమ్మల మధ్య నేలమీద కూర్చుని, "బొబ్బిలి వెళ్తారా అమ్మా?" అని అడుగుతున్నారు. వాళ్లంతా ఒక్కసారే కాకుల్లా అరిచారు, వద్దంటే వద్దని! సన్యాసమ్మ ఒక్కతే, "నానెల్తాను బాబూ, మా సెల్లి అక్కడే ఉన్నాది" అంది. ఆమె నవ్వుకుంటూ చెల్లెలి దగ్గరికి వెళ్లింది, మిగతావాళ్లు ఒడ్డునే ఉన్నారు.

అందరం మళ్లీ లోపలికొచ్చాక అయ్యగారు తల దించుకుని నాతో అన్న మాట నేను మరిచిపోలేను. "మా ఇంటి భోజనాల పంక్తినే తెచ్చి బోర్డని కూర్చోబెట్టానమ్మా. ఇంట్లో నన్నెవరూ అడగరు, ఇక్కడా ఎవరూ అడగలేదు. నా చిత్తాన్నే దేవుని చిత్తమనుకున్నాను."

అయినా నా కష్టం వెంటనే తీరలేదు. సెక్రటరీగారు చాలాకాలం నా ముఖం చూడలేదు, ఆరాధనలో నేను కూర్చున్న వైపు వందనం కూడా చెప్పేవారు కాదు, రేపో మాపో నన్ను వెలేస్తారని ఊళ్లో చెప్పుకున్నారు. తలుపు చప్పుడైతే చాలు ఉలిక్కిపడేదాన్ని! కానీ దేవుడు మెల్లగా పని చేశాడు. అమ్మగారు, పెద్దబ్బాయి బోర్డులో తమ చోటు వదులుకున్నారు. నరసన్నపేట నుంచి రిటైరైన నర్సమ్మ వచ్చింది, టీచరమ్మ వచ్చింది, కోటబొమ్మాళి రైతు ఒకాయన వచ్చాడు. ఆయన మన విశ్వాసి కాడు, కానీ అందరికంటే ఎక్కువ ప్రశ్నలు ఆయనవే! ముసలమ్మల తరఫున అప్పలనరసమ్మ మామ్మ కూర్చుంది. ఎవరైనా కొన్నేళ్లుండి, మరొకరికి చోటివ్వాలి. విషయం ముందుగానే అందరికీ తెలపాలి. కొత్తగా వచ్చినవాళ్లు ముందు మాట్లాడాలి, అయ్యగారు చివర మాట్లాడాలి, ఆ తర్వాతే ప్రార్థన. నేను కూడబలుక్కుని చదువుతుంటే అందరూ ఆగుతారు. మొన్న సెక్రటరీగారే నా వైపు తిరిగి, "నీ ప్రశ్న ఏటమ్మా, అడుగు" అన్నారు. దేవునికే స్తోత్రం!

ఈసారి అయ్యగారు తన కుర్చీ దిగి, నన్ను అధ్యక్షురాలిగా ఉండమన్నారు. భయం పూర్తిగా పోయిందని మీకు అబద్ధం చెప్పను, ఇది రాస్తున్న చెయ్యి కూడా వణుకుతోంది. భయం పోయాక మాట్లాడదామని నేను ఎన్నాళ్లో కూర్చున్నాను, కానీ దేవుడు వణికే నోటిలోనే మాట పెట్టాడు! ఆయనను నమ్మండి సహోదరులారా. నా కోసం ప్రార్థించండి, కానీ ఇది చదివి అలవాటుగా ఆమెన్ అనేయకండి. మీ సంఘంలో, మీ కమిటీలో, మాట్లాడకుండా కుర్చీ అంచున కూర్చున్నది ఎవరో ఒకసారి చూడండి. ఆ మనిషిని పేరు పెట్టి పిలవండి. మెల్లగా పిలవండి, భయపడతారు. వాళ్లు చెప్పేది విన్నాక, అప్పుడు అందరం కలిసి అందాం, ఆమెన్.