ఒక చేతిలో జామెట్రీ, పొయ్యి మీద రొట్టె: మా సుగుణ

నిన్న పొద్దున పెద్దపల్లి నుంచి సుగుణ కూతురు ఫోన్ చేసింది.

"పెద్దమ్మా, అమ్మ పోయింది" అంది.

"ఎక్కడికి?" అన్నాను. నిజంగానే అడిగాను.

అవతల ఏడుపు వినిపించాక గానీ బుర్రకెక్కలేదు. ఇది ఫోన్లో టైప్ చేస్తున్నాను. టైపింగ్‌లో తప్పులుంటే మన్నించండి.

మీలో చాలామందికి ఆమె సుగుణ టీచర్. నాకు మాత్రం ఆదిలాబాద్ జిల్లా బొగ్గుబాయిల కాలనీలో పక్క క్వార్టర్ పిల్ల. అరవైల మొదట్లో ఇద్దరం కలిసి మెట్రిక్ చదివాం.

సుగుణకు రొట్టెల పిచ్చి. డబల్ రొట్టె, కేకు.

మా లైన్ చివర ఒక మలయాళీ నర్సమ్మ ఉండేది. ఆమె దగ్గర నేర్చుకుంది. ఓవెన్ ఎక్కడిది ఆ రోజుల్లో! ఇనుప గిన్నెలో ఇసుక పోసి, దాంట్లో ఇంకో గిన్నె పెట్టి, కింద బొగ్గులు, మూత మీద బొగ్గులు. మధ్యలో మూత తీస్తే కేకు కూలిపోతుంది. అందుకే పొయ్యి పక్కనే కూర్చుని జామెట్రీ చదివేది. పుస్తకం నిండా మైదా పిండి మరకలే.

సుగుణ అమ్మను అవ్వ అని, నాన్నను బాపు అని పిలిచేది. అవ్వ తిట్టేది. "రేపు పరీక్షల గివే రాస్తవానే, రొట్టెలు?"

వాళ్ళ బాపు బాయిలో, అంటే బొగ్గు గనిలో, పని చేసేవాడు. ఎక్కువ మాట్లాడేవాడు కాదు. ఒక్కటే చెప్పాడు. "పాసైతే టీచర్ ట్రైనింగ్‌కు తోలుత. ఫెయిలైతే సదువు బంద్."

ఆ మాట అన్నప్పటినుంచి సుగుణకు సరిగా నిద్ర లేదు. మ్యాథ్స్ అంటే వణుకు. భయం ఎక్కువైన కొద్దీ రొట్టెలు ఎక్కువయ్యేవి. రొట్టెలు ఎక్కువైన కొద్దీ, చదవట్లేదని మళ్ళీ భయం.

మ్యాథ్స్ పరీక్షకు ముందు రోజు. మధ్యాహ్నం ఇద్దరం వాళ్ళ వాకిట్లో చదువుకుంటున్నాం. పొయ్యి మీద కేకు ఉంది.

సైరన్ మోగింది.

షిఫ్ట్ సైరన్ కాదు. ఆగకుండా మోగేది. ఆ కాలనీలో పుట్టిన పిల్లలకు ఆ తేడా ఎవరూ చెప్పక్కర్లేదు.

కేకు అలాగే వదిలేసి పరుగెత్తాం. చెప్పులు కూడా వేసుకోలేదు. బాయి గేటు దగ్గర అప్పటికే ఆడవాళ్ళంతా చేరారు. లోపల బండ పడ్డదన్నారు. ఎవరి మీదో ఎవరికీ తెలియదు.

పైకొస్తున్న ప్రతి ముఖమూ బొగ్గు మసే. ఎవరు ఎవరో గుర్తుపట్టలేం. ఒక్కొక్కరు బయటికి రాగానే ఒక్కొక్క ఇల్లాలు కూలబడి ఏడ్చేది. బతికొచ్చినందుకు.

సుగుణ నా చెయ్యి పట్టుకుని లోపల్లోపల ఏదో గొణుగుతోంది. చెవి పెట్టి విన్నాను. జామెట్రీ సిద్ధాంతం!

నాకు భయమేసింది. "ఏమైందే నీకు? గిప్పుడు సదువేందే?"

"సదువుతలేనే. నోరు ఊకుంటే ఏడుపొస్తది. నేనేడిస్తే అవ్వ ఆగది."

చీకటి పడే వేళకు వాళ్ళ బాపును స్ట్రెచర్ మీద తెచ్చారు. ప్రాణం ఉంది. కుడి చెయ్యి నలిగిపోయింది. ఆ రోజు అందరి ఇళ్ళకూ మనుషులు తిరిగి రాలేదు.

మరునాడు పొద్దున ఆసుపత్రిలో సుగుణ "పరీక్షకు పోను" అని మొండికేసింది.

బాపు కళ్ళు తెరిచి చూశాడు. "పో బిడ్డా. నేనెక్కడికి పోత? గీన్నే ఉంట."

వెళ్ళింది. హాల్లో నేను తిరిగి చూసినప్పుడల్లా పేపర్ వైపు చూస్తూనే ఉంది. పెన్ను కదలలేదు.

రిజల్ట్స్ వచ్చాయి. నేను పాస్. సుగుణ మ్యాథ్స్‌లో ఫెయిల్.

అప్పటికి బాపు ఇంటికొచ్చాడు. వేళ్ళు పోయాయి. అన్నం కలుపుకోలేడు. ఇంకొకరు తినిపిస్తే నోరు తెరవడు. అంత అభిమానం గల మనిషి. ఆసుపత్రిలో ఉన్నప్పుడు నర్సమ్మ చెప్తే సుగుణ రొట్టె కాల్చి తీసుకెళ్ళేది. ఎడమ చేత్తో చాయ్‌లో ముంచుకుని ఆయనంతట ఆయనే తినేవాడు. ఇంటికొచ్చాక కూడా చాలా రోజులు అదే తిండి.

ఫెయిలైన సంగతి చెప్పడానికి నన్ను తోడు తీసుకెళ్ళింది. చెప్పేసింది. ఆయన లేచి పెరట్లోకి వెళ్ళిపోయాడు.

"నా సదువు అయిపోయిందే" అంది సుగుణ.

మరునాడు చూస్తే ఆయన పెరట్లో కాళ్ళతో మట్టి తొక్కుతున్నాడు. ఎడమ చేత్తో ఇటుకలు పేరుస్తున్నాడు.

"ఏం జేస్తున్నవు బాపూ?"

"రొట్టెల బట్టి కడుతున్న. గా గిన్నెల ఎన్నొద్దులు తిప్పలు పడుతవు?" ఇంకో ఇటుక పెట్టి అన్నాడు, "సెప్టెంబర్‌ల మల్ల రాయాలె. గది మాత్రం ఇడిసిపెట్టకు."

సుగుణ అప్పుడు ఏడ్చింది. బాయి గేటు దగ్గర దాచుకున్నదంతా.

సెప్టెంబర్‌లో పాసైంది, బొటాబొటిగా. ట్రైనింగ్ అయ్యాక పెద్దపల్లి దగ్గర టీచరైంది. మ్యాథ్స్ కాదులెండి, తెలుగు! ఎక్కడికి బదిలీ అయినా పెరట్లో బట్టి కట్టించుకుంది. పరీక్షల రోజుల్లో ఖాళీ కడుపుతో వచ్చే పిల్లలకు రొట్టె పెట్టింది. తిన్నవాళ్ళు ఈ పోస్ట్ చదువుతూ ఉంటారు.

ఇప్పుడు నేను కరీంనగర్‌లో ఒక ఎగ్జామ్ సెంటర్ బయట కూర్చున్నాను. మనవరాలు లోపల ఇంటర్ మ్యాథ్స్ రాస్తోంది. మధ్యాహ్నం పెద్దపల్లిలో సుగుణ అంత్యక్రియలు. పిల్ల రాగానే బస్సెక్కాలి. అందుతానో లేదో. అక్కడ దాని కోసం గుబులు, ఇక్కడ దీని కోసం గుబులు.

పోయిన వారం ఫోన్లో ఈ పరీక్ష గుబులే చెప్పుకుంటే సుగుణ కసిరింది.

"పిల్లను పరేషాన్ జెయ్యకు. బయటికి రాంగనే ఎట్ల రాసినవని అడగకు. ఆకలైతుందా అని అడుగు."

అదే అడుగుతానే.

పోయిరా సుగుణా. ఇకనైనా నీ ప్రాణం నిమ్మళంగా ఉండాలి.