ముందు కాళ్లు, తర్వాతే కన్ను

మా పై అంతస్తు బాబాయిగారు పోయారు. నిద్రలోనే వెళ్లిపోయారని శుక్రవారం పొద్దున్నే పిన్నిగారు ఫోన్ చేసి చెప్పారు. కాసేపటికి అపార్ట్‌మెంట్ గ్రూపులోనూ ఆ వార్త వచ్చింది. దాని కిందే ఇంకో కబురు: సోమవారం నుంచి మేడ మీద వాటర్‌ప్రూఫింగ్ పని మొదలు, ఎవరి సామాన్లు వారు తీసేసుకోవాలి. ఏడుస్తూ చదువుతున్న నాకు అక్కడ ఏడుపు ఆగిపోయింది. ఆయన చేతిపని ఒకటి ఆ మేడ మీద ఉంది. సోమవారం దాన్ని పూత పెట్టి పూడ్చేస్తారు.

ఆయన నాకు చుట్టమేమీ కాదు. గోదావరి వైపు మనిషి, సర్వే శాఖలో పొలాలూ రోడ్లూ కొలిచి రిటైరై మా పుప్పాలగూడ అపార్ట్‌మెంట్‌కి వచ్చారు. నేను శేరిలింగంపల్లిలో పుట్టి పెరిగినదాన్ని, రాయదుర్గంలో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ఉద్యోగం. ఆయన చొక్కా జేబులో ఎప్పుడూ ఒక చాక్‌పీసు, దారానికి కట్టిన ఇత్తడి గుండు ఉండేవి. కొత్తగా ఎవరు ఫ్లాటు కొన్నా వాస్తు చూడమని ఆయన్నే పిలిచేవారు. వెళ్లేవారు, కాఫీ తాగేవారు, "దిక్కు చెప్తానండి, ఫలితం మాత్రం నన్నడక్కండి" అని వచ్చేసేవారు.

నాకు నెబ్యులాల పిచ్చి. నెబ్యులా అంటే నక్షత్రాల మధ్య పరుచుకున్న వాయు మేఘం. చాలావాటి రంగులు కంటికి ఆనవు. కెమెరా రెప్ప వేయకుండా నిమిషాల తరబడి చూస్తే పడతాయి. ఒకరోజు లిఫ్టులో, కొనబోతున్న టెలిస్కోపు బొమ్మ ఆయనకు ఫోన్‌లో చూపించాను. బకెట్టంత వెడల్పు గొట్టం. దాన్ని చూసి మురిసిపోతున్నాను. ఆయన గొట్టాన్ని చూడనేలేదు. బొమ్మను కిందికి జరిపి, దీన్ని నిలబెట్టేదేదని అడిగారు. స్టాండు దాంతోపాటు ఉచితంగా వస్తుందన్నాను. మా అంతస్తు వచ్చి తలుపు తెరుచుకున్నా ఆయన నవ్వు ఆగలేదు.

"ఊరికే వచ్చిన కాళ్లు ఎవర్నీ నిలబెట్టవమ్మాయ్," అన్నారు. "ముందు కాళ్లు, తర్వాతే కన్ను."

నాకు మహా చిరాకేసింది. ఆయన జన్మలో ఆకాశాన్ని ఫొటో తీయలేదు, నాకు చెప్పొచ్చారు. కానీ సర్వే దుర్బీన్లను కదలకుండా నిలబెట్టడమే ఆయన ఉద్యోగమంతా. ఆ ఆదివారం ఆయన భోజనాల బల్ల దగ్గర కూర్చునేసరికి తెలిసింది, నేను నెలల తరబడి చదివిన దానికి తోక మాత్రమే పట్టుకున్నానని. భూమి తిరుగుతుంది కనుక నక్షత్రాలు జరిగిపోతుంటాయి. ఆ జరుగుడుకు సరిపడా గొట్టాన్ని మెల్లగా తిప్పేదే మౌంటు. అది వెంట్రుకవాసి తడబడినా చుక్కలు గీతలైపోతాయి. ప్రతి మౌంటుకూ ఎంత బరువు మోస్తుందో రాసి ఉంటుంది. "పెళ్లిచూపుల్లో చెప్పే జీతంలాంటిదది. సగమే నమ్ము," అనేవారు.

ఆ సగం లెక్కన చూసుకుంటూ పోతే నా బకెట్టు గొట్టం చిక్కి చిక్కి పాలచెంబంత లెన్సు గొట్టమైంది. మౌంటు మాత్రం పెరిగి, ఎత్తడానికి ఇద్దరు కావాల్సినంత అయింది. గింత దుర్బీనుకు గంత స్టాండేందని ఆఫీసులో ఒకటే వెక్కిరింతలు. వెక్కిరించుకోనీ అనుకున్నాను.

ఎండాకాలం సాయంత్రం దాన్ని మేడెక్కించాం. నడిమధ్యన దించబోతే వద్దన్నారు. స్టీలు గ్లాసు నిండా నీళ్లు పోసి అక్కడ పెట్టారు. నీళ్ల మోటారు ఆన్ అవగానే గ్లాసులో నీళ్లు వణికాయి. గ్లాసును జరుపుకుంటూ జరుపుకుంటూ వెళ్లి, కింద పిల్లర్ ఉన్న మూల దగ్గర ఆగారు. అక్కడ నీళ్లు కదల్లేదు.

చీకటి పడింది. మౌంటు ఇరుసు ధ్రువ నక్షత్రం వైపు చూస్తేనే పని జరుగుతుంది. మన హైదరాబాదులో ధ్రువుడు బాగా కింద ఉంటాడు, మా మేడకైతే రెండు టవర్ల మధ్య సందులోనే దర్శనం. ఆ సందులో అప్పటికే మూడో టవరుకు పునాది తవ్వుతున్నారు. బాబాయిగారు అటు చూసి, "ఇంకెన్నాళ్లో కనపడడమ్మాయ్. ఉన్నప్పుడే పట్టుకోవాలి," అన్నారు. మౌంటును ధ్రువుడికి గురిపెట్టించి, మూడు కాళ్లు ఆనిన చోట ఉలితో మూడు చిన్న గుంటలు చెక్కారు. ఇక ధ్రువుడు కనపడకపోయినా కాళ్లు ఆ గుంటల్లో దిగితే చాలు, కొసరు తేడా కెమెరా సరిదిద్దుకుంటుంది. తర్వాత చాక్‌పీసుతో ఉత్తరం గీత గీశారు.

ఆ గీతతోనే వచ్చింది తంటా. మా బిల్డింగు కొంచెం పక్కకు తిరిగి ఉందని అది చెప్పేసింది. మా కమిటీ ప్రెసిడెంటు రాయలసీమాయన, రియల్ ఎస్టేటు వ్యాపారి. ఈస్ట్ ఫేసింగని చెప్పి ఇక్కడ సగం ఫ్లాట్లు అమ్మిందీ ఆయనే. గీత చూసి ఆయన మొహం మాడిపోయింది, ఆ రోజే తుడిపించేశాడు. గుంటలు మాత్రం మిగిలాయి.

ఆపైన వానలు. నెలల తరబడి మబ్బులే. ఒక్క ఫొటో అయినా బాబాయిగారికి చూపించలేకపోయాను. ఈలోగా మూడో టవరు లేచి ధ్రువుణ్ని మింగేసింది. ఇప్పుడు ఆయనా లేరు. మిగిలిన ఆ మూడు గుంటలనూ పూడ్చనిస్తానా?

శనివారం ప్రెసిడెంటు ఇంటికి వెళ్లాను. ఆయన మాటలోనూ న్యాయముంది. గుంటల్లో నీళ్లు నిలిచి కింది ఇల్లు కారుతోంది. "పూత మీద మళ్లా ఉలి పెడతానంటే ఒప్పుకునేది లేదు తల్లీ," అన్నాడు.

"ఉలి పెట్టను సార్. గుంటలు పూడ్చుండ్రి. పూత ఆరినంక పైన మూడు రాళ్లు అతికిస్త," అన్నాను. "గంతే. గా రాళ్లు మాత్రం ఆపకుండ్రి."

సరేనన్నాడు. కానీ రాయి ఎక్కడ అతికించాలో తెలియాలి కదా. ఆ సంగతీ బాబాయిగారే ఎప్పుడో చెప్పారు. పొలం హద్దురాళ్లకు సర్వేవాళ్లు చేసేది అదేనట. రాయి పోతుంది, దానికి సాక్షులుండాలి. కదలని రెండు చోట్ల నుంచి దూరం కొలిచిపెట్టుకుంటే పోయిన రాయి ఎప్పటికైనా పుడుతుంది. అందుకే గుంటలు చెక్కిన రోజే ఆయన ట్యాంకు గోడలో ఒకటి, మెట్ల గది గోడలో ఒకటి ఇత్తడి స్క్రూలు బిగించి పెట్టారు. కొలవడం మాత్రం నా వంతు.

ఆదివారం టేపు కోసం పైకి వెళ్లాను. ఇల్లంతా చుట్టాలు. విషయం విని పిన్నిగారు అల్మరాలోంచి ఆయన స్టీలు టేపు తీశారు. నా చేతికివ్వలేదు. తానే పట్టుకుని లేచారు. దినాలు కాకుండా గడప దాటడమేమిటని ఒక పెద్దావిడ అడ్డుపడింది.

"క్యాంపుల్లో మనిషి దొరక్కపోతే ఆయన టేపుకి రెండో కొస నేనే పట్టుకునేదాన్నండి," అన్నారు పిన్నిగారు. "ఈ ఒక్కటీ అయ్యాక వచ్చి కూర్చుంటాను."

ఎండలో ఆమె స్క్రూ దగ్గర కొస అదిమిపట్టి నిలబడ్డారు. నేను గుంటల దగ్గర చదివాను. ఒక్కోటీ రెండుసార్లు కొలిపించారు. టేపు వదులైతే ఊరుకోలేదు, బిగించమన్నారు. నాకు కళ్ల నీళ్లతో అంకెలు ఆనకపోతే, తుడుచుకుని చదవమన్నారు.

పూత ఆరాక మూడు గ్రానైటు ముక్కలు తెచ్చిచ్చింది ప్రెసిడెంటే. తన సైటులో మిగిలినవట, గుంటలు కూడా పెట్టించి తెచ్చాడు. గీత మాత్రం గీయొద్దని రెండు చేతులూ జోడించాడు. స్క్రూల నుంచి మళ్లీ కొలిచి అతికించాను.

మార్గశిరంలో ఆకాశం విప్పారింది. భోజనాల వేళకు ముందే వాచ్‌మన్ సాయంతో మౌంటును మేడెక్కించి, కాళ్లు గుంటల్లో దించాను. ఉత్తరాన టవరు, దాని నెత్తిన క్రేను, క్రేను కొనన ఎర్రదీపం. ధ్రువుడు ఎక్కడా లేడు. టెలిస్కోపును తూర్పున మృగశిర వైపు తిప్పి కెమెరా తెరిచాను. కొన్ని నిమిషాలకు స్క్రీను మీద ఎర్రటి మేఘం, దాని నిండా చుక్కలు. అన్నీ గుండ్రంగా ఉన్నాయి. పిన్నిగారిని పిలిచాను.

ఆమె స్టీలు గ్లాసు నిండా నీళ్లతో వచ్చారు. స్క్రీను వైపు ఇంకా చూడనే లేదు. గ్లాసును మౌంటు కాలి పక్కన పెట్టి, మోకాళ్ల మీద వంగి చూశారు. కింద మోటారు ఆడుతోంది. గ్లాసులో క్రేను ఎర్రదీపం కదలకుండా ఉంది.